ఆకుకూరలు, ఆక్సలేట్లు, నిషేధముల చీటీ

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశములోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. మదనపల్లె, పుంగనూరు ప్రాంతముల రైతులు ఎందరో ఈ పంటను నమ్ముకొని బ్రతుకుతున్నారు. అట్టి చోటనే, మూత్రపిండములో రాయి ఉన్నదని తెలిసిన మరునాడే కూరలో టమాటా మానివేసే ఇండ్లు అనేకము. టమాటాతో పాటు పాలకూర, తోటకూర, చేమదుంప, వేరుసెనగ, నువ్వులు, కొన్నిచోట్ల పాలు, పెరుగు కూడ ‘వద్దు’ అన్న చీటీలోనికి ఎక్కుతున్నవి. ఈ చీటీ ఒక నోటినుండి మరొక నోటికి పోయి, చివరకు రాయి లేనివారి ఇంట, బడికి పోయే బాలికల కంచములో కూడ ఆకుకూరను తగ్గిస్తున్నది.

ఈ నిషేధములకు ఆధారముగా చూపబడే పదార్థము ఆక్సాలిక ఆమ్లము. దాని లవణములకు ఆక్సలేట్లు అని పేరు. ఏ ఆహారములో ఇవి ఎంత ఉన్నవో చెప్పే పట్టికలు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన గ్రంథములలో ఉన్నవి. చీటీ వ్రాసేవారు, దానిని నమ్మేవారు తుదకు ఆశ్రయించేది ఆ అంకెలనే. కావున ఆ అంకెలు ఏమి చెప్పుచున్నవి, ఏమి చెప్పుట లేదు, వానినుండి ఇట్టి నిషేధములు నిజముగా వెలువడునా అన్న ప్రశ్నలను పరిశీలించుట అవసరము. ముఖ్యముగా ఉన్నత పాఠశాలలో ఆహారమును గురించి పాఠము చెప్పే ఉపాధ్యాయునకు ఇది తప్పనిసరి.

పులిచింత ఆకు చెప్పే సంగతి

తేమగల పెరడులలో, పొలము గట్లమీద పులిచింత అనే చిన్న మొక్క పెరుగుతుంది. దాని ఆకు నమలిన పిల్లలకు పుల్లని రుచి తెలుసు. ఆ మొక్క శాస్త్రనామములోని ‘ఆక్సాలిస్’ అన్న మాటనుండియే ఆక్సాలిక ఆమ్లమునకు ఆ పేరు వచ్చినది. 1776లో స్వీడను దేశపు రసాయనికుడు షీలే చక్కెరను నత్రికామ్లముతో ఆక్సీకరించి ఈ ఆమ్లమును తయారు చేసినాడు. 1824లో వోలర్ అకర్బన పదార్థమని తలచబడిన సయనోజన్ నుండి దీనిని పొందినాడు. యూరియా కంటె నాలుగేండ్లు ముందుగనే ప్రయోగశాలలో పుట్టిన సేంద్రియ పదార్థమిది.

మొక్కలు దీనిని ఊరక తయారు చేయవు. నేలనుండి అవసరమునకు మించి వచ్చిన కాల్షియమును ఈ ఆమ్లముతో కలిపి, కరుగని స్ఫటికములుగా కణములలో దాచుకొంటవి. కొన్ని మొక్కలకు ఆ స్ఫటికములే ఆయుధములు. చేమ ఆకులలో, చేమదుంపలో, కందలో కాల్షియము ఆక్సలేట్ సన్నని సూదులవలె కట్టలు కట్టి ఉంటుంది. సరిగా ఉడకని చేమదుంప తిన్నప్పుడు గొంతు దురదపెట్టుటలో ఈ సూదుల పాలు ఉన్నది. చేమదుంపను బాగుగా ఉడికించి చింతపండు పులుసులో వండవలెనన్న పాకశాస్త్రము ఆ దురదను అనుభవించిన తరువాత పుట్టినదే.

ఆహారములో ఆక్సలేట్లు రెండు విధములుగా ఉంటవి. పొటాసియము, సోడియములతో కూడినవి నీటిలో కరుగుతవి. కాల్షియముతో కూడినది కరుగదు. కరుగనిది పేగులగుండా చాలవరకు అట్లే బయటకు పోతుంది. కరిగేది మాత్రము రక్తములోనికి చేరి, శరీరమునకు ఎందుకు ఉపయోగపడక, మూత్రపిండములద్వారా వెలుపలికి పోవలసి ఉంటుంది. అక్కడ, మూత్రము చిక్కబడి ఉన్నప్పుడు, కాల్షియముతో కలిసి స్ఫటికము కట్టవచ్చును. మూత్రపిండపు రాళ్ళలో అధిక భాగము కాల్షియము ఆక్సలేట్ తో కూడినవే. ఇంతవరకు చీటీలోని భయమునకు ఆధారము లేకపోలేదు. తరువాతి మెట్టులోనే చిక్కు ఉన్నది.

పట్టికల వంశవృక్షము

భారతీయ ఆహారముల పోషక విలువలను ఒకచోట చేర్చిన ప్రయత్నము కూనూరులో మొదలైనది. సర్ రాబర్ట్ మెకారిసన్ అక్కడ 1918లో ఆరంభించిన పరిశోధనశాల పెరిగి పోషకాహార పరిశోధనశాలలుగా మారినది. మెకారిసన్ మూత్రాశయపు రాళ్ళమీద కూడ పనిచేసినాడు. విటమిన్ ఎ కొరవడిన ఆహారము పెట్టిన ఎలుకలలో రాళ్ళు ఏర్పడుట ఆయన గమనించినాడు. ఆయన తరువాత వచ్చిన ఎక్రాయిడ్ 1937లో ‘ఆరోగ్య బులెటిన్ 23’ గా ఆహార పట్టికలను ప్రకటించినాడు. సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రహ్మణ్యన్ గార్ల పేర ‘భారతీయ ఆహారముల పోషక విలువ’ వెలువడినది. 1989లో దానిని నరసింగరావు, దేవస్థలే, పంత్ గారలు సవరించినారు. 2017లో లాంగ్వా గారు, వారి సహచరులు సిద్ధము చేసిన ‘భారతీయ ఆహార సంఘటన పట్టికలు’ పూర్తిగా క్రొత్త గ్రంథము. దేశమును ఆరు ప్రాంతములుగా విభజించి సేకరించిన నమూనాలపై, 528 ఆహారములకు, 151 అంశములకు విలువలు ఇందులో ఇవ్వబడినవి.

ఈ గ్రంథముల గొప్పతనమును గురించి రెండు మాటలు లేవు. పల్లెలలోని ఆకుకూరలకు, చిరుధాన్యములకు పాశ్చాత్య గ్రంథములలో చోటు లేని కాలములో, వానిని కొలిచి అంకెలు ఇచ్చినవి ఇవే. 1971 గ్రంథములో గోంగూర ‘గోగు’ అన్న పేరుతోనే కనిపించుట తెలుగు పాఠకునకు ఆనందము కలిగించే విషయము.

ఐనను పట్టిక వేదవాక్యము కాదని ఆ గ్రంథములే రుజువు చేసినవి. 1971 పట్టికలలో పాలకూరకు వంద గ్రాములలో 10.9 మిల్లీగ్రాముల ఇనుము, లేత తోటకూరకు 25.5 మిల్లీగ్రాముల ఇనుము చూపబడినది. 1989 సవరణలో ఇవి 1.14కు, 3.49కు దిగినవి. 2017లో పాలకూర మరల మూడు మిల్లీగ్రాముల దరికి వచ్చినది. ఆకుకు అంటిన మట్టిలోని ఇనుము పరీక్షలో కలిసి లెక్కకు వచ్చుట ఇట్టి తప్పులకు తెలిసిన కారణము. తప్పును ఒప్పుకొని అంకెను పదోవంతుకు దించిన సంస్థను శ్లాఘింపవలెను. కాని పాత అంకెలను బట్టీపట్టినవారు నేటికిని పాలకూరను ఇనుపగనిగా వర్ణిస్తూనే ఉన్నారు. ఇనుము విషయములో ఆకుకూరకు లేని కీర్తి వచ్చినట్లే, ఆక్సలేట్ విషయములో లేని నింద కూడ వచ్చినది.

ఒకే అంకెలోని లోపము

పాత పట్టికలలోని కొన్ని విలువలు ఇట్లున్నవి. అన్నియు వంద గ్రాముల పచ్చి పదార్థమునకు మిల్లీగ్రాములలో:

పాలకూర: కాల్షియము 73, ఆక్సాలిక ఆమ్లము 658.
లేత తోటకూర: కాల్షియము 397, ఆక్సాలిక ఆమ్లము 772.
మునగాకు: కాల్షియము 440, ఆక్సాలిక ఆమ్లము 101.
కరివేపాకు: కాల్షియము 830, ఆక్సాలిక ఆమ్లము 132.
నువ్వులు: కాల్షియము 1450, ఆక్సాలిక ఆమ్లము 1700.

రెండవ అంకెను మాత్రమే చూచినవారు తోటకూర పాలకూరకంటె చెడ్డదని నిర్ణయిస్తారు. రెండు అంకెలను కలిపి చూచుటకు తొమ్మిదవ తరగతి గణితము చాలును. ఆక్సాలిక ఆమ్లపు అణుభారము 90. కాల్షియము పరమాణుభారము 40. అనగా 90 మిల్లీగ్రాముల ఆమ్లమును కట్టివేయుటకు 40 మిల్లీగ్రాముల కాల్షియము కావలెను. ఆ లెక్కన తోటకూరలోని 772కు 343 మిల్లీగ్రాముల కాల్షియము చాలును; ఆ ఆకులోనే 397 ఉన్నది. పాలకూరలోని 658కి 292 కావలెను. ఆకులో ఉన్నది 73 మాత్రమే. అది 164 మిల్లీగ్రాముల ఆమ్లమును కట్టివేయగా, దాదాపు 494 మిల్లీగ్రాములు కాల్షియమునకై వెదకుతూ మిగిలిపోతుంది. మునగాకులో, కరివేపాకులో ఆమ్లమునకు కొన్ని రెట్లు ఎక్కువగా కాల్షియము ఉన్నది.

ఇది కాగితముమీది లెక్క అని మరువరాదు. ఆకులో పొటాసియము, మెగ్నీసియము కూడ ఈ ఆమ్లములో వాటా పంచుకొంటవి. కనుక తోటకూరలో సైతము కరిగే ఆక్సలేట్ కొంత ఉండును. కాని ఒకే అంకెను చూచి ఆకులన్నిటిని ఒకే గాటకట్టుట ఎంత తప్పో తెలియుటకు ఈ లెక్క చాలును. 1971 గ్రంథములో ఆక్సాలిక ఆమ్లమునకు ఒకే విలువ ఇవ్వబడినది. కరిగేది ఎంత, కరుగనిది ఎంత అన్న వివేచన అందులో లేదు. 2017 గ్రంథము ఈ లోపమును దిద్దినది. మొత్తము, కరిగేది, కరుగనిది అని మూడు విలువలను వేరువేరుగా ఇచ్చినది. ఆ గ్రంథములోని మేలైన చేర్పులలో ఇది ఒకటి. విచారకరమైనదేమనగా, చీటీలు ఇంకను పాత అంకెనే నమ్ముకొని ఉన్నవి.

టమాటా చేసిన నేరమేమి?

ఇక టమాటా సంగతి. వంద గ్రాముల టమాటాలో ఆక్సాలిక ఆమ్లము పది మిల్లీగ్రాములకు లోపే. పది అని ఎక్కువకే లెక్క వేసినను, వంద గ్రాముల పాలకూరతో సమానము కావలెనంటే ఆరున్నర కిలోల టమాటాలు తినవలెను. ఏ చారులోను అన్ని టమాటాలు పడవు. ఐనను నిషేధముల చీటీలో మొట్టమొదటి స్థానము దీనిదే.

దీనికి కారణము రసాయనశాస్త్రములో కాక పోలికలో ఉన్నది. టమాటా గింజ గట్టిగా, చిన్నగా ఉంటుంది, అరుగదు, రాయిని తలపింపజేస్తుంది. గింజ పోయి మూత్రపిండములో చేరుతుందని కొందరి ఊహ. వంకాయకు కూడ ఇదే గతి పట్టినది. కాని నోటిలో పడిన గింజ పోయే దారి జీర్ణకోశము. అరుగని పదార్థము ఆ దారినే వెలుపలికి పోతుంది. పేగుగోడను దాటి రక్తములోనికి, అక్కడినుండి మూత్రపిండములోనికి గింజ చేరుటకు మార్గమే లేదు. జీవశాస్త్ర పాఠములో జీర్ణవ్యవస్థను, విసర్జనవ్యవస్థను వేరువేరు పటములుగా వ్రేలాడదీసి, రెండింటి మధ్య గల సంబంధమును చెప్పకుండుట ఇట్టి అపోహకు చోటిస్తున్నది. మదనపల్లె బాలునకు ఈ సంగతిని టమాటాతోనే చెప్పవచ్చును.

పచ్చి ఆకు, వండిన కూర

పట్టికలలో పాతవానికి, క్రొత్తదానికి కూడ వర్తించే విమర్శ మరొకటి ఉన్నది. ఆకుకూరలకు ఇచ్చిన విలువలు పచ్చి ఆకులవి. జనము తినేది వండిన కూర. 2005లో చాయ్, లీబ్మన్ అను పరిశోధకులు ప్రకటించిన కొలతలలో, కూరగాయలను నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినప్పుడు కరిగే ఆక్సలేట్ 30 నుండి 87 శాతము వరకు తగ్గినది. ఆవిరిమీద ఉడికించినప్పుడు 5 నుండి 53 శాతము వరకు తగ్గినది.

అట్లని ప్రతి ఇంట ఆకు ఉడికిన నీటిని పారబోయవలెనని చెప్పుట కూడ అవివేకమే. ఆ నీటితో ఫోలిక ఆమ్లము, విటమిన్ సి, పొటాసియము కూడ పోతవి. ఆకును పప్పుతో కలిపి ఉడికించి ఎనిపే పద్ధతిలో నీరు వృథా పోదు. రాయి లేని ఆరోగ్యవంతునకు ఆ పద్ధతియే మేలు. పలుమారులు రాళ్ళు కట్టి, మూత్రపరీక్షలో ఆక్సలేట్ ఎక్కువగా ఉన్నదని తేలినవారికి మాత్రము పాలకూర వంటివానిని ఉడికించి వార్చుట, తక్కువగా తినుట అవసరము కావచ్చును. ఒకే ఆకు ఒకరికి ఒక విధముగా, మరొకరికి మరొక విధముగా వండవలసి ఉన్నదన్నమాట. ఈ భేదమును పట్టిక చెప్పజాలదు. చీటీ చెప్పుట లేదు.

కంచమే అసలైన పట్టిక

పట్టిక ఒక్కొక్క పదార్థమును విడదీసి చూపుతుంది. పుంగనూరు ప్రాంతపు రైతు కంచములో పదార్థములు విడిగా ఉండవు. రాగిసంగటి, ఆకుకూర పప్పు, ఊరుబిండి, చివర మజ్జిగయో పెరుగో ఉంటుంది. పుంగనూరు పొట్టి ఆవు జాతికి పేరిచ్చిన పట్టణము. పాడి అక్కడి బ్రతుకులో భాగము. ఈ కంచములోని రసాయనశాస్త్రము ఆసక్తికరమైనది.

పాలలోను, పెరుగులోను ఉండే కాల్షియము పేగులోనే ఆక్సలేట్ ను పట్టుకొని కరుగని స్ఫటికముగా మార్చివేస్తుంది. పేగులో స్ఫటికమైనది రక్తములోనికి పోదు. రక్తములోనికి పోనిది మూత్రపిండమునకు చేరదు. పట్టికల ప్రకారము వంద గ్రాముల ఆవుపెరుగులో సుమారు 149 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. వంద గ్రాముల పాలకూరలోని ఆమ్లమును కట్టివేయుటకు కావలసినది 292 అని పైన తేలినది. అనగా రెండు వందల గ్రాముల పెరుగు దానికి సరిపోతుంది. ఆకుకూర తిన్న పూటనే పెరుగన్నముతో భోజనము ముగించే అలవాటులో ఎంత మేలున్నదో ఈ లెక్క చూపుతున్నది. పలుచని మజ్జిగలో కాల్షియము తక్కువ. కనుక రెండింటిని ఒకటిగా ఎంచరాదు.

రాగులలో కాల్షియము వంద గ్రాములకు 344 మిల్లీగ్రాములని పాత పట్టిక, 364 అని క్రొత్త పట్టిక చెప్పుచున్నవి. ఇది వరిబియ్యముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. రాగులలోనే ఉన్న ఫైటేట్లు మున్నగునవి ఇందులో కొంత భాగమును శరీరమునకు అందనీయవు. ఐనను మదనపల్లెనుండి కుప్పము వరకు సంగటి తిని పెరిగిన జనము కాల్షియమునకు మొదటి ఆధారముగా దీనినే కలిగి ఉన్నారు. సంగటిని విడిచి సన్నబియ్యమునకు మారిన ఇంట, పాలు కూడ మాన్పించినచో ఆ ఇంటివారి ఎముకల గతి ఏమి?

పాలు మాన్పించుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. రాయిలో కాల్షియము ఉన్నది గనుక కాల్షియము తినరాదన్న వాదము పైకి సబబుగానే కనిపిస్తుంది. 1993లో అమెరికాలో కర్హన్, సహచరులు 45,619 మంది పురుషులపై ప్రకటించిన అధ్యయనము దానిని తలక్రిందులు చేసినది. ఆహారములో కాల్షియము అత్యధికముగా తిన్నవారికి రాళ్ళ ముప్పు అత్యల్పముగా తిన్నవారికంటె మూడోవంతు తక్కువగా తేలినది. 2002లో ఇటలీలో బోర్గి, సహచరులు రాళ్ళతో బాధపడిన 120 మంది పురుషులను రెండు వర్గములుగా విభజించి ఐదేండ్లు గమనించినారు. కాల్షియము తగ్గించిన 60 మందిలో 23 మందికి మరల రాళ్ళు వచ్చినవి. కాల్షియము మామూలుగా ఉంచి, ఉప్పు, మాంసకృత్తులు తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చినవి. కాల్షియము లేని పేగులో ఆక్సలేట్ స్వేచ్ఛగా రక్తములోనికి పోవుటయే దీనికి ముఖ్యమైన వివరణ. ఐతే ఇది ఆహారములోని కాల్షియమునకే వర్తిస్తుంది. భోజనముతో సంబంధము లేకుండ మింగే కాల్షియము బిళ్ళలు అదే రక్షణను ఇవ్వవు. 1997 నాటి అధ్యయనములో బిళ్ళలు వాడిన స్త్రీలకు రాళ్ళ ముప్పు కొంచెము ఎక్కువగానే కనిపించినది.

ఆకుకూరలవైపు వాదించేవారు కూడ ఒక నిజమును ఒప్పుకొనవలెను. పాలకూరలోని కాల్షియము శరీరమునకు దాదాపు అందదు. 1988లో హీనీ, వీవర్, రెకర్ చేసిన కొలతలో పాలలోని కాల్షియము 27.6 శాతము శోషింపబడగా, పాలకూరలోనిది 5.1 శాతమే శోషింపబడినది. ‘పాలకూర పాలతో సమానము’ అన్న వాక్యము ఇకపై పాఠములలో ఉండరాదు. కాల్షియమునకై ఆకును ఎన్నుకొనేవారు మునగాకును ఎన్నుకొనుట యుక్తము.

ముప్పు ఎంత? ఎవరికి?

ఆక్సలేట్లు ఎక్కువ తిన్నవారికి రాళ్ళు ఎక్కువ వచ్చునా? 2007లో టేలర్, కర్హన్ రెండు లక్షలకు పైబడిన స్త్రీపురుషుల వివరములను పరిశీలించి, అత్యధికముగా తిన్న పురుషులలోను, పెద్దవయసు స్త్రీలలోను ముప్పు సుమారు ఐదోవంతు ఎక్కువని, చిన్నవయసు స్త్రీలలో తేడా కనిపించలేదని తేల్చినారు. ముప్పు ఉన్నది, కాని స్వల్పము. శరీరము తనంతట తానే ఆక్సలేట్ ను తయారు చేసుకొంటుంది. మూత్రములోని ఆక్సలేట్ లో ఆహారపు వాటా నాలుగోవంతు నుండి సగము వరకు మాత్రమే అని 2001 నాటి కొలతలు తెలిపినవి. ఆ వాటా సగమునకు చేరినది ఎప్పుడు? ఆహారములో కాల్షియము తగ్గించినప్పుడే.

ఐతే నిజముగా జాగ్రత్తపడవలసినవారు లేకపోలేదు. మాటిమాటికి రాళ్ళు కట్టేవారు, మూత్రపిండములు బలహీనపడినవారు, పేగులకు శస్త్రచికిత్స జరిగినవారు, కొవ్వు సరిగా అరుగనివారు ఈ వర్గములోనివారు. వారికి వైద్యుని సలహా ప్రకారము ఆక్సలేట్లు తగ్గించుట చికిత్సలో భాగమే. ఆరోగ్యవంతులకు సైతము ప్రమాదకరమైన పద్ధతి ఒకటి ఈ కాలములో వ్యాపించినది: పచ్చి ఆకులను పెద్దమొత్తములో పిండి రసముగా త్రాగుట. అందులో ఉడికించుట లేదు, వార్చుట లేదు, పెరుగు లేదు. పది మందికి కూర కావలసిన ఆకు ఒక్కరి కడుపులోనికి ఒక్కసారిగా పోతుంది. బిలింబి కాయల చిక్కని రసము త్రాగి మూత్రపిండములు దెబ్బతిన్న రోగులను గురించి 2013లో కేరళ వైద్యులు ప్రకటించినారు. అదే కాయ పులుసులో ఒకటి రెండు పడినప్పుడు ఎవరికిని హాని చేయుట లేదు. విషమును నిర్ణయించేది పరిమాణమే అన్న పాత సూత్రము ఇక్కడ మరల రుజువైనది.

ఉలవల చిక్కుముడి

కుప్పము పరిసరములలో ఉలవలు పాత పంట. రాయి ఉన్నవారికి ఉలవకట్టు త్రాగించుట తెలుగునాట తరతరాల వాడుక. చిత్రమేమనగా, 1971 పట్టికలో ఉలవలకు ఆక్సాలిక ఆమ్లము నాలుగు వందల మిల్లీగ్రాములకు పైగా చూపబడినది. పట్టికను అక్షరాల నమ్మినవారు ఉలవలను నిషేధించవలెను; వాడుకను అక్షరాల నమ్మినవారు వానినే మందుగా పుచ్చుకొనవలెను. ఒకే ఊరిలో ఈ రెండు సలహాలు ఒకే రోగికి అందుచున్నవి.

ఇక్కడ వాడుకను పరిహసించుట గాని, పట్టికను త్రోసివేయుట గాని శాస్త్రదృష్టి కాదు. పచ్చి గింజపు అంకె కట్టుకు వర్తించదు. కట్టులో ఎంత దిగినదో కట్టునే కొలిచి చెప్పవలెను. కట్టు త్రాగినవాడు దానితో పాటు చెంబెడు నీరు కూడ త్రాగుచున్నాడు. ఆ నీటి మేలును ఉలవలకు అంటగట్టరాదు. బోర్గి, సహచరులే 1996లో ఈ విషయమును పరీక్షించినారు. మొదటిసారి రాయి వచ్చిన 199 మందిలో, నీరు ఎక్కువగా త్రాగిన వర్గములో ఐదేండ్లలో 12 శాతము మందికి, మామూలుగా త్రాగిన వర్గములో 27 శాతము మందికి మరల రాయి వచ్చినది. ఎండలో టమాటా కోతకు పోయే కూలి రోజంతా ఎన్ని లోటాల నీరు త్రాగినాడన్న ప్రశ్న, అతడు ఎన్ని టమాటాలు తిన్నాడన్న ప్రశ్నకంటె ముఖ్యమైనది. ఉప్పు ఎక్కువైనకొలది మూత్రములో కాల్షియము పెరుగుతుంది. ఊరగాయ జాడీని వదలిపెట్టి ఆకుకూర తట్టను శిక్షించుట న్యాయము కాదు.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఈ విషయమును మాటలతోనే చెప్పనక్కరలేదు. పాలకూరను కొద్దినీటిలో ఉడికించి వడగట్టి, ఆ నీటిలో తేరిన సున్నపుతేట పోసినచో తెల్లని మడ్డి ఏర్పడుతుంది. దానిపై వినెగరు పోసినప్పుడు కార్బనేట్లు, ఫాస్ఫేట్లు కరిగిపోతవి. కాల్షియము ఆక్సలేట్ కరుగదు. ఉపాధ్యాయుడు సజల హైడ్రోక్లోరికామ్లము చేర్చగా అదియు కరుగుతుంది. అదే పద్ధతిలో గోంగూర, మునగాకు, టమాటా రసములను పరీక్షించి, మడ్డి ఎక్కువ తక్కువలను పోల్చవచ్చును. ఉల్లిపాయ పై ఎండుపొరను సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో కాల్షియము ఆక్సలేట్ స్ఫటికములు పలకలవలె, కడ్డీలవలె కనిపిస్తవి. తన ఊరి ఆకులను తానే పరీక్షించిన విద్యార్థి ఏ చీటీని గ్రుడ్డిగా నమ్మడు.

తీర్పు

హైదరాబాదు పట్టికలు అమూల్యములు. వానిని చదివే పద్ధతియే దోషభూయిష్ఠము. రాబోయే కూర్పులలో వండిన ఆకుకూరల విలువలు, వార్చిన నీటిలోనివి, పప్పుతో కలిపి వండినవి చేరినచో చీటీలు వ్రాసేవారికి ఈ సాకు కూడ ఉండదు. తెలుగులో ఉపాధ్యాయునకు అందుబాటులో ఉండే సంక్షిప్త కూర్పు ఒకటి, అంకెల ప్రక్కన వాని అర్థమును చెప్పేది, మిక్కిలి అవసరము.

ఇది పండితుల వాదవివాదము మాత్రమే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్ లో 15–49 ఏండ్ల స్త్రీలలో సుమారు 59 శాతము మందికి రక్తహీనత ఉన్నది. ఆకుకూర ఇనుపగని కాకపోవచ్చును; కాని ఫోలిక ఆమ్లమును, విటమిన్ ఎ గా మారే కెరోటీనును అంత చౌకగా ఇచ్చే వస్తువు పల్లెలో మరొకటి అరుదు. తండ్రి మూత్రపిండములోని రాయికి భయపడి కూతురి కంచములోని ఆకును తీసివేయుట తెలియక చేసే అన్యాయము. తండ్రికి కావలసినది చెంబెడు నీరు, తగ్గిన ఉప్పు, తప్పని పెరుగు, వైద్యుని పరీక్ష. కూతురికి కావలసినది సంగటి ప్రక్కన గరిటెడు ఆకుకూర పప్పు. ఇద్దరికిని టమాటా చారు నిషిద్ధము కాదు.